కన్నం లేని కట్ట

కొండల నడుమ ఒకానొక రాజ్యాన్ని విజయకేతుడనే రాజు ఏలేవాడు. రాజధానికి ఎగువన పెద్ద చెరువు. దాని కట్ట తెగితే పట్టణం మిగలదు. అందుకని రాజు కాపలావాళ్ళతో ఒప్పందం రాయించాడు: కట్టకు కన్నం ఉందని తేలితే అక్కడి కాపలావారికి ఆరు నెలల జీతపు గింజలు కోత.

మొదటి ఏడాది ఒక కన్నం సంగతి తెలిసింది. ఆ తరవాత మూడేళ్ళు ఏ కబురూ లేదు. వానలు దగ్గరపడుతుండగా రాజు నిండు సభలో మీసం దువ్వి, "చూశారా? మా శాసనమంటే ఎలుకలకు కూడా భయమే!" అన్నాడు.

అందరూ భళా అన్నారు. ఆస్థానంలో చమత్కారి అయిన బొల్లన ఒక్కడే పలకలేదు.

"ఏం బొల్లనా, నమ్మకం లేదా?"

"ఎలుకల సంగతి తెలియదు ప్రభూ, మనుషులు మాత్రం భయపడుతున్నారు. ఆ ఒప్పందంలో ఒకే ఒక్క మాట మార్చడానికి సెలవివ్వండి. ఒక్కరోజు చాలు."

"మార్చుకో. ఏమీ తేలకపోతే నీ కొలువు పోయినట్టే!"

బొల్లన 'కోత' అన్నచోట 'కానుక' అని రాయించి దండోరా వేయించాడు. సాయంత్రానికి నలభై మూడు కన్నాలు బయటపడ్డాయి.

రాజు మండిపడ్డాడు. "గింజలకు ఆశపడి పొద్దున తవ్వినవే ఇవన్నీ!"

"ఆ సంగతి మీ చెయ్యే చెబుతుంది, రండి ప్రభూ."

కట్ట దిగువన సింగమ్మ అనే కాపలామనిషి ఒక కన్నం చూపించింది. రాజు చెయ్యి పెడితే భుజం దాకా పోయింది. వేళ్ళకు కుళ్ళిన గడ్డి, చీర పేలికలు, వాటి వెనక చల్లగా నీళ్ళు తగిలాయి.

"ఎన్నాళ్ళుగా ఉందిది?" రాజు గొంతు తగ్గింది.

"రెండేళ్ళు దొరా. మొదటి ఏడాది కన్నం చూసి చెప్పింది నా పెనిమిటే. ఆర్నెల్లు పస్తులున్నాం. ఇది కనబడ్డప్పుడు పిల్లల మొహాలు చూసి, చీర చింపి కుక్కేశాను. వాన పడినప్పుడల్లా వచ్చి చూసుకునేదాన్ని."

రాజు వెనుదిరిగి పట్టణం వైపు చూశాడు. ఇళ్ళ మీద పొయ్యిల పొగ లేస్తోంది. బొల్లనను అడిగాడు: "రేపు నిజంగానే తవ్వి చూపిస్తే?"

"చూపినవారే పూడ్చాలి. వానాకాలమంతా ఆ పూడిక నిలిస్తేనే గింజలు. అంత మట్టి మోయడానికి ఎవరు తవ్వుతారు ప్రభూ?"

"సరే, అలాగే రాయించు. మరి నీకేం కావాలి?"

"తమకు నచ్చని మాట చెప్పిన రోజున నా జీతానికీ కోత పడకుండా చూడండి."

రాజు పకపకా నవ్వి, బురద చేత్తోనే తన కంకణం తీసి బొల్లనకు తొడిగాడు. సింగమ్మ ఇంటికి అప్పట్లో కోత పెట్టిన గింజలన్నీ తిరిగి పంపించాడు. మర్నాడు తెల్లవారేసరికి పట్టణమంతా మట్టితట్టలతో కట్టెక్కింది.