ఎరుపు నీళ్ళకి దిగదు

లోకనాథం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు వాళ్ళ ముందుకి కత్తిపీట జరిపేవారు. "ఆ గుమ్మడికాయ తరుగుతూ అడగండి. చెయ్యి ఆడుతుంటే బుర్ర కుదురుగా ఉంటుంది" అనేవారు. విజయనగరం దగ్గర ఒక చిన్న ఊళ్ళో పగలు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి, సాయంత్రం కాళ్ళకి గజ్జెలు కట్టుకుని హరికథ చెప్పిన మనిషి ఆయన. ఉద్యోగం అయిపోయాక, బడివాళ్ళు పారేయబోయిన పాత మైక్రోస్కోపు ఒకటి ఇంటికి తెచ్చి బాగుచేసుకుని దేవుడి గూటి పక్కనే పెట్టుకున్నారు. హరికథ నేర్చుకోవడానికి వచ్చిన శిష్యులు పొద్దున్నే దేవుడికి పెట్టే దణ్ణంలో సగం దానికీ అందేది. పాపం, అది ఎవరికీ ఏ వరమూ ఇచ్చిన దాఖలా లేదు.

శిష్యుల్లో పెద్దది వరహాలమ్మ. ఖంగుమనే గొంతు, అంతకు మించిన పట్టుదల. కథ చెప్పేవాళ్ళు నూనె వస్తువు ముట్టకూడదనీ, ముడితే గొంతు పట్టేస్తుందనీ ఆమె నమ్మకం. మాస్టారు ఎదురుగా కూర్చుని గారెలు లాగించేస్తున్నా సరే, ఆవిడ మాత్రం చారన్నం, మజ్జిగన్నంతోనే సరిపెట్టుకునేది. తన చేతికింద నేర్చుకునేవాళ్ళకీ అదే పథ్యం. తాలింపులో కూడా నూనె చుక్క పడనిచ్చేది కాదు, ఆవాలు వట్టి మూకుట్లోనే చిటపటలాడి ఊరుకునేవి.

ఆ ఏడు శ్రీరామనవమి పందిట్లో సీతాకల్యాణం చెప్పడానికి ఎర్నమ్మ అనే కొత్త శిష్యురాల్ని తయారుచెయ్యమని మాస్టారు వరహాలమ్మకి అప్పజెప్పారు. ఎర్నమ్మ పెళ్ళయిన పిల్ల. అత్తగారు బతిమాలగా బతిమాలగా మామగారు ఒప్పుకున్నాడు గానీ, ఒప్పుకుంటూనే మెలిక పెట్టాడు. "నవమి పందిట్లో కథ చెప్పిందా, ఎన్నాళ్ళయినా నేర్చుకోనీ. నోరు పెగల్లేదా, ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చోవాలి. మరి మళ్ళీ ఈ ఊసెత్తకూడదు" అన్నాడు.

వరహాలమ్మ లోపం లేకుండా నేర్పింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, తాళం వేసే చిరత నేలకేసి కొడుతూ, మాట జారితే అక్కడికక్కడే దిద్దుతూ నేర్పింది. ఎర్నమ్మకి కథంతా కంఠతా వచ్చింది. కానీ ఏం లాభం? శివధనుస్సు విరిగిన ఘట్టం చెబుతుంటే ఇంట్లో చీపురుపుల్ల విరిగినంత చప్పుడైనా వినపడేది కాదు. వరహాలమ్మ చిరత ఇంకా గట్టిగా కొట్టేది, ఎర్నమ్మ గొంతు ఇంకా లోపలికి పోయేది.

నవమి దగ్గరపడుతున్న రోజుల్లో మాస్టారింట్లో పండుమిరపకాయల పచ్చడికి ఏర్పాట్లు మొదలయ్యాయి. పెరట్లో పొడిబట్ట మీద మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. వరహాలమ్మ వచ్చి, అడగకుండానే కత్తిపీట లాక్కుని, తొడిమలు తీస్తూ అడిగేసింది.

"మాస్టారండీ, మనిషిలో లేనిదాన్ని బయటికి తియ్యడం ఎవరి తరం? ఎర్నమ్మలో సరుకు లేదు. పందిట్లో మీ పరువు పోతుంది. ఆ పిల్లని పంపేసి నన్ను చెప్పమంటే నేనే చెబుతాను."

మాస్టారు నవ్వారు. ఒక కాయ తీసి ఆమె చేతిలో పెట్టారు. "సరే గానీ, ముందు నాకో పని చేసిపెట్టు. దీని ఎరుపంతా బయటికి తియ్యి. గిన్నెలో తేటగా ఎర్రగా కనబడాలి. అది తెచ్చాక ఎర్నమ్మ సంగతి చూద్దాం."

ఓస్ ఇంతేనా అనుకుంది వరహాలమ్మ. కాయని ముక్కలు చేసి నీళ్ళలో నానబెట్టింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. మరగబెట్టింది. ఘాటు ముక్కుపుటాలదాకా వచ్చింది గానీ, నీళ్ళకి గడ్డికషాయం రంగు తప్ప మరేమీ రాలేదు. ఒళ్ళు మండి, ఇంకొన్ని కాయలు రోట్లో వేసి దంచి నీళ్ళలో కలిపింది. అమ్మయ్య, ఎర్రబడ్డాయి! అని గిన్నె పట్టుకుని వచ్చేసరికి ఎరుపంతా పిప్పితో పాటు అడుక్కి దిగిపోయి, పైన వెలవెలబోయిన నీళ్ళు తేరుకున్నాయి. తుమ్ములు ఆమెకి, నవ్వులు చూసేవాళ్ళకి.

"ఈ కాయ రంగు పైపూతండీ. దీనిలో అసలు ఎరుపే లేదు" అని తేల్చేసింది వరహాలమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. ఏటేటా ఆవకాయ జాడీ మీద ఎర్రగా తేలేదేమిటో అందరికీ తెలుసు. ఆ జాడీ వైపు ఏనాడూ కన్నెత్తి చూడని మనిషి ఆవిడ ఒక్కతే!

మాస్టారు పండుమిరప తొక్కని సన్నని పొరగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టి, చూడమన్నారు. వరహాలమ్మ ఒక కన్ను మూసి చూసింది. పక్కపక్కనే గదులు. ప్రతి గదిలోనూ ఎర్రటి నలుసులు కిక్కిరిసి ఉన్నాయి. లేదన్న ఎరుపు అక్కడ ఇంతని చెప్పలేనంత ఉంది.

"ఆ నలుసులున్నాయే, కాయ పచ్చగా ఉన్నప్పుడు అవి ఆకుపచ్చ నలుసులే" అన్నారు మాస్టారు. బడిలో చెప్పినట్టు కాకుండా కథ చెప్పినట్టే చెప్పారు. "అప్పుడు కూడా వాటిలో పసుపు రంగు ఉంటుంది. ఎండ మండిపోతుంటే ఆకుపచ్చ మాడిపోకుండా గొడుగు పట్టేది అదే. కాయ పక్వానికి వచ్చేసరికి మొక్క ఆకుపచ్చని విప్పేసుకుంటుంది. ఆ నలుసే వేషం మార్చుకుని ఎరుపు వండడం మొదలుపెడుతుంది. వేరు పంపలేదు, ఎవరూ పైనుంచి పూయలేదు. అక్కడే వండుకుని, అక్కడే దాచుకుంటుంది."

"మరి దాచుకున్నది నీళ్ళలోకి రాదేమండీ?"

"దాచిన తీరు అది. మిరపకాయ ఆ రంగుని సన్నటి నూనెబొట్లలో పెట్టుకుంటుంది. నీళ్ళు ఎంత మరిగినా దానికి పరాయివే. ఆ కూరల బుట్టలో క్యారెట్ చూడు, అది ఇంకా మొండిది. రంగుని పలుకులు పలుకులుగా గడ్డకట్టించి మరీ దాస్తుంది. ఓపిగ్గా తురిమితే గానీ నూనెకి కూడా లొంగదు. ఏ మొక్క గుణం దానిది."

అని ఆయన మూకుట్లో నువ్వులనూనె గోరువెచ్చగా కాచి, వరహాలమ్మ దంచిన పిప్పి మీద పోశారు. ఈసారి ఎవరూ కొట్టలేదు, ఎవరూ మరగబెట్టలేదు. నూనె మెల్లగా ఎర్రబడి, చూస్తుండగానే తేటగా, కుంకుమలా మెరిసిపోయింది. వరహాలమ్మ ఆ గిన్నె ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది. ఆమెకి సిగ్గూ వేసింది, ఎక్కడో సంతోషమూ వేసింది.

"మాస్టారండీ, మరి ఎర్నమ్మకి నూనె ఏది?"

"నన్నడుగుతావేమే? రోజంతా ఆ పిల్ల ముందు కూర్చునేది నువ్వా, నేనా?"

ఎదురుగా కూర్చున్నదే గానీ, ఆ పిల్లని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదని వరహాలమ్మకి అప్పుడు తట్టింది. సాయంత్రం చిరతలు గూట్లో పెట్టేసి, మిగిలిన మిరపకాయల బుట్ట మధ్యన పెట్టుకుని, ఎర్నమ్మ పక్కన చేరి తొడిమలు తీస్తూ అడిగింది. "ఇంటిదగ్గర నువ్వు ఎవరితోనైనా కబుర్లు చెబుతావా, లేక అక్కడా ఇంతేనా?"

"మా అత్తకి కళ్ళు సరిగా ఆనవక్కా" అంది ఎర్నమ్మ తల వంచుకునే. "వండుకుంటూ పొద్దస్తమానం ఊళ్ళో ఊసులన్నీ చెబుతుంటాను. వీధిలో ఎవరు పోతున్నారు, ఏ చీర కట్టారు, అన్నీ. చెప్పకపోతే ఊరుకోదు."

వరహాలమ్మ తొడిమ తీస్తున్న చెయ్యి ఆపలేదు. కళ్ళు మాత్రం మూసుకుంది. "అయితే నేను మీ అత్తననుకో. నాకేమీ కనబడదు. ఆ జనకుడి సభలో ఏం జరుగుతోందో కాస్త చెప్పవే."

ఎర్నమ్మ ఇంకో కాయ అందుకుని మొదలుపెట్టింది. ఏ రాజు ఎలా వచ్చాడో, ఎవరు మీసం మెలేశాడో, విల్లు కదలక ఎవరి మొహం ఎలా మాడిపోయిందో చెబుతూ చెబుతూ, తనకు తెలియకుండానే పాటలోకి వెళ్ళిపోయింది. ఆ గొంతుకి వాకిట్లో పోతున్నవాళ్ళు ఆగారు. వరహాలమ్మ మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. మిరపకాయ చేత్తో తుడుచుకోవడంతో ఇంకా కారాయి. "అమ్మో, మంట!" అని ఆవిడ, "అక్కా, నీళ్ళు, నీళ్ళు!" అని ఈవిడ, ఇద్దరూ ఒకటే నవ్వు.

నవమినాడు పందిరి కిటకిటలాడింది. ముందు వరసలో మామగారు చేతులు కట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన అత్తగారు. వెనక వంతపాటకి వరహాలమ్మ. ఎర్నమ్మ గజ్జెలు ఘల్లుమనిపించి ప్రార్థన పాడి, సభలో రాజులందరినీ కూర్చోబెట్టి, రాముణ్ణి లేపి, ఆ జనాన్ని చూసి ఠక్కున ఆగిపోయింది. మామగారు గొంతు సవరించుకున్నాడు. ఇదివరకటి వరహాలమ్మ అయితే ఆ తర్వాతి మాట వెనకనుంచి గట్టిగా అందించేది. ఈసారి ఆమె పెదవి కదపలేదు.

అంతలో ముందు వరసలోంచి అత్తగారు కేకేసింది. "ఏటే, ఆగిపోనావు? విల్లెత్తినాడా లేదా? నాకేటి అవుపడతాది, నువ్వు చెప్పకపోతే!"

పందిరంతా గొల్లుమంది. ఎర్నమ్మా నవ్వేసింది, నవ్వుతూనే అత్తవైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత విల్లు విరిగిన చప్పుడు పక్క ఊరికి వినిపించిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మామగారే.

మర్నాడు మాస్టారింట్లో గారెలు వండారు. వరహాలమ్మ ఒకటి తీసుకుని, అటూ ఇటూ చూసి, కొరికింది. గొంతు పట్టెయ్యలేదు. రెండోది అందుకుంటూ మెల్లగా అడిగింది.

"మాస్టారండీ, నేను వచ్చిన కొత్తలో ఎర్నమ్మ కంటే అన్యాయంగా ఉండేదాన్ని కదా. నూనె పోసినట్టు మీరు మంచిగా చెప్పినా ఎక్కేది కాదు. మరి నన్నెందుకు పంపెయ్యలేదు?"

మాస్టారు తన కుడిచెయ్యి చాచి, మణికట్టు నొక్కుకుంటూ చూపించారు.

"క్యారెట్ తురిమావా ఎప్పుడైనా? చెయ్యి ఎంత లాగేస్తుందో!"