రామములగకు నీడపట్టిన చెన్నమ్మ నోము కథ

పూర్వము కృష్ణకు దక్షిణమున, ఎండకు రాళ్ళు పగులు సీమలో, తృణపాదుడను ముని తన ఆశ్రమపు తోట మాడిపోవుట చూడలేక శీతలుడను మునిని సమీపించెను. నీరు పోసినను వాడుచు, ఎరువు వేసినను పూత రాల్చుచు ఉన్న మొక్కను నిలుపు నోము ఏదైనా కలదా అని అడిగెను. శీతలుడు కలదనియు, అది సూర్యుని ఇల్లాలైన ఛాయాదేవి నోమనియు పలికి, ఈ కథ చెప్పెను.

పల్నాటిలో ఒక ఊర చెన్నమ్మ, లింగయ్య అను దంపతులుండిరి. చెన్నమ్మ తల్లి పోవుచు కూతురికి నగ ఇయ్యలేదు. గోడకు బూడిదతో అంటించి దాచిన రామములగ గింజలను, అనగా టమాటా గింజలను, గోకించి చేతిలో పెట్టించెను. గాట్లు గాట్లుగా, పుల్లగా కాయు ఆ రకము ఆమె పుట్టింట తప్ప మరెక్కడను లేదు. చెన్నమ్మ వాటిని తన గోడకు అంటించి, ఒక ఏడు విత్తుట మరచెను. చెమ్మకు కొన్ని పోయెను, చీమలకు కొన్ని పోయెను. మరుసటి ఏడు మిగిలినవన్నియు దొడ్డిలో వేసెను. అవి కాయకున్న ఇక విత్తనము లేదు. అమ్మ మరల పోవునేమో అన్నట్లు ఆమె ఘడియకొకమారు దొడ్డికి పోయి చూచుచుండెను.

మొక్కలు లేచి పూత పట్టెను. అంతలో రోహిణి ఎండలు వచ్చెను. మిట్టమధ్యాహ్నము ఆకులు వాలుట చూచి లింగయ్య బిందెతో నీరు పోసెను. మరల వాలగా మరల పోసెను. వేళ్ళు ఊపిరాడక ఆకులు పసుపెక్కెను. బలము చాలదని చెన్నమ్మ ఎరువు కుమ్మరించెను. ఆకు బలిసెను గాని పూలు కాడలతో రాలెను. ఎంత సేవ చేసిరో అంత చెడెను. దంపతులు ఒకరినొకరు నిందించుకొని అన్నము మానిరి.

ఒకనాడు మండుటెండలో ఒక ముసలమ్మ వాకిట నిలిచి కొంచెము నీడ అడిగెను. చెన్నమ్మ పంచలో తన చోటు ఆమెకిచ్చి, మజ్జిగ తెచ్చి ఇచ్చెను.

"నన్నయితే నీడన కూర్చోబెట్టావు. మరి ఆ బిడ్డల సంగతేందమ్మా?" అని ముసలమ్మ దొడ్డి వైపు చూచెను.

"నీళ్ళు పోస్తానే ఉన్నా గదవ్వా!"

"మధ్యాన్నం వాలిన ఆకు సందేళకు లేస్తే అది దప్పిక గాదే పిచ్చిదానా. ఎండకు తలొంచుకోటం."

అంతట ఆమె ఛాయాదేవి నోము విధి చెప్పెను. తెల్లవారగనే మొక్క మొదటికి మాత్రము నిండుగా నీరు పోయవలెను. మొదలు చుట్టును గడ్డి పరచవలెను. పడమటి ఎండకు పలుచని పాత చీర అడ్డుకట్టవలెను. పూత మీదనుండగా ఎరువు వేయరాదు. ఉదయమున పుప్పొడి రాలునట్లు పూల కాడను వేలితో మెల్లగా తట్టవలెను. పూత రాలెనని మొక్కను విడువరాదు. చెన్నమ్మ గ్లాసు కడిగి వచ్చునప్పటికి ముసలమ్మ లేదు. ఆమె కూర్చున్న చోట మాత్రము నేల చల్లగా ఉండెను.

చెన్నమ్మ అట్లే చేయగా ఆకులు తేరుకొనెను. అప్పుడు తోడికోడలు రాజ్యమ్మ దడి మీదుగా చూచి నవ్వెను.

"ఏందే చెన్నమ్మా, మొక్కలకు చీరలు గూడా పెట్టావు! పెళ్ళెప్పుడో చెప్పు, వొచ్చి అచ్చింతలేసి పోతాం."

చెన్నమ్మ సిగ్గుపడి మొక్కలకు కట్టిన చీర విప్పివేసెను. వడగాలికి మొక్కలన్నియు మాడిపోయి, గోడ నీడనున్న ఒక్కటి మాత్రము మిగిలెను. ఆమె ఏడ్చి, తప్పు మన్నింపుమని దేవికి మ్రొక్కి, దానికి మరల చీర కట్టెను. అయినను పూత రాలుచునే ఉండెను. విసిగి పీకబోగా లింగయ్య చేయి పట్టుకొనెను.

"పీకమాకే. ఈ ఎండకు మనకే ముద్ద దిగట్లా, అదెట్టా కాస్తది? కాస్త చల్లబడనీ."

ఇద్దరును కాచుకొనిరి. తొలకరి పడెను, రాత్రులు చల్లబడెను. ఒక ఉదయమున చెన్నమ్మ తట్టిన పూవు రాలలేదు. అది పిందెయై, కాయయై, పండెను. తోడుగా మరికొన్ని పండెను. ఆమె ఒక్కటియు కూరకు కోయలేదు. మెత్తబడువరకు ఉంచి, గింజ తీసి, బూడిదలో కలిపి ఇంటింటికి పంచెను. మొదట రాజ్యమ్మకే ఇచ్చెను. ఒక్క గోడనున్న విత్తు ఒక్క వేసవికి పోవునని ఆమెకు తెలిసెను.

మరుసటి ఏడు చెన్నమ్మ నోము తప్పలేదు. అయినను ఆకుముడత తెగులు తగిలి ఆమె మొక్కలన్నియు పోయెను. చెన్నమ్మ ఖాళీ దొడ్డి ఊడ్చుకొనుచుండగా రాజ్యమ్మ ఒడి నిండ పండ్లతో వచ్చెను. ఆమె దొడ్డిలోనూ పాత చీర కట్టి ఉండెను.

"ఇంద, మీ అమ్మ కాయలు. పులుసు పెట్టి నాక్కూడా ఒక గిన్నె పంపు. నవ్వినదాన్నని ఉప్పెక్కువేసేవు!"

చెన్నమ్మ ఆ ఒడిలోనే ముఖము దాచుకొనెను. తృణపాదుడు ఈ కథ విని తోటకు మరలి, తన ఉత్తరీయమును మొక్కలకు కట్టెను.

ఈ నోమును తోట గలవారును, మేడ మీద ఒక్క కుండీ గలవారును, సువాసినులును, తోడు పోయి ఒంటరిగా నీరు పోయు పురుషులును చేయవచ్చును. చేసినవారికి ఇంట పులుపునకును, ఇరుగున మాటకును కొరత ఉండదు. ఏ ఏటనైనను ఫలము రాకున్న దుఃఖింపరాదు. విత్తు పంచినవారి తోట ఎక్కడో ఒకచోట కాయుచునే ఉండును. విన్నవారందరు లేచి, మొక్క మొదట చెంబెడు నీరు పోసి, దానికి ఎండ తగులకుండ మీ నీడ పడునట్లు కొంచెము పక్కకు జరిగి నిలువుడు.