చిల్లు పెరిగిన గారె

చందనగిరి రాజు కుముదవర్మకు కోపమొస్తే ఎలాగో ఓర్చుకోవచ్చు. గారె తక్కువైతే మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

"మా తాతగారి కాలం నుంచీ కొఠారు నుంచి వచ్చే మినప్పప్పు పొట్లం ఒక్కటి నానబోస్తే ఇరవైనాలుగు గారెలు! ఇప్పుడు పద్దెనిమిదే వస్తున్నాయేం?" అని రాజు నిండుసభలో వంటవాడైన అప్పలకొండను నిలదీశాడు.

అప్పలకొండ నోరు తెరిచేలోపే కొఠారు అధికారి దండపాణి మీసం దువ్వుకుంటూ లేచాడు. కోటకీ, ఊళ్లో ప్రతి ఇంటికీ పప్పు పొట్లాలు కట్టించి పంపేది ఆయనే.

"పొట్లం అదే, ముద్ర అదే, దారం అదే ప్రభూ! తేడా అంతా వంటవాడి చేతివాటంలోనే. సాక్ష్యం కావాలంటే ఆ బొజ్జ చూడండి!"

సభ గొల్లుమంది. అప్పలకొండ కూడా తన బొజ్జకేసి చూసుకున్నాడు. పాపం, అది కాదనేలా లేదు.

ముద్ర చెదరని పొట్లం ఒకటి రాజు అతని చేతికిచ్చాడు. "దీంతో రేపటికి ఇరవైనాలుగు గారెలు తే. ఒక్కటి తగ్గినా గరిటె ఇక్కడ పెట్టి ఇంటికి పో!"

అప్పలకొండ ఇంటికొచ్చి కూలబడ్డాడు.

"రుచి చూసే వంకతో ఒకటి నోట్లో వేసుకుంటానే, నిజమే. ఆరు తిని మర్చిపోయేంత మతిమరుపా నాకు? ముప్పయ్యేళ్లు గరిటె తిప్పి, చివరికి నా చెయ్యి మీద నాకే అనుమానం!" అని పెళ్లాం నీలమ్మ దగ్గర వాపోయాడు.

"నీకొక్కడికేనా మావా? వీధిలో కోడళ్లందరిదీ ఇదే గోల. పప్పు చాల్లేదంటే, దొంగతనంగా తింటున్నావా అని అత్తలు దులిపేస్తున్నారు. ముందా పొట్లం విప్పు," అందామె.

విప్పాడు. పైన పప్పు, అడుగున మందంగా ఎండుటాకుల మడతలు.

"ఓరి నా తెలివి తెల్లారా! రోజూ ఈ ఆకులతోనే పొయ్యి రాజేసుకుంటున్నానే! పైగా ఆకులు కూడా పంపే దండపాణిగారు ఎంత మంచివారో అనుకున్నాను!" అని నెత్తి కొట్టుకున్నాడు.

మర్నాడు సభలో పళ్లెం నిండా సరిగ్గా ఇరవైనాలుగు గారెలు. రాజు ఒకటి ఎత్తి చూశాడు. చిల్లులోంచి దండపాణి మొహం మీసాలతో సహా కనిపించింది.

"ఇదేం గారెరా? గాజులా ఉంది!"

"గారె అదే, నూనె అదే, మూకుడు అదే ప్రభూ! చిల్లే కాస్త పెరిగింది."

"ఎందుకు పెరిగింది?"

"కొఠారులో పొట్లానికి పడ్డ చిల్లు ప్రభూ! నేను గారెలకు సమానంగా పంచానంతే."

రాజు వెంటనే మరో పొట్లం తెప్పించి విప్పించాడు. ఆకులు జలజలా రాలాయి. ఊళ్లో కోడళ్లు పడుతున్న నిందల సంగతి కూడా అప్పలకొండ విన్నవించాడు.

"చెమ్మ... చెమ్మ తగలకుండా పెట్టించాను ప్రభూ," అని నసిగాడు దండపాణి.

"మంచిది. ఇక మీదట పొట్లాలు పాత కొలతకే కట్టించు. కోడళ్ల తప్పేమీ లేదని నువ్వే స్వయంగా వీధివీధికీ తిరిగి దండోరా వెయ్యి. ఈ పూట నీ విస్తట్లో మాత్రం ఆకులే వడ్డిస్తారు. చెమ్మ తగలకుండా తిను!"

సభంతా ఒకటే నవ్వు. రాజు తన బంగారు కంకణం తీసి అప్పలకొండకు ఇచ్చాడు. అతను తొడుక్కోబోతే అది బొటనవేలి దగ్గరే ఆగిపోయింది. తోశాడు, తిప్పాడు, నూనె జిడ్డు కూడా రాశాడు. ఊహూ!

"పెరగాల్సిన చోట మాత్రం చిల్లు పెరగలేదు ప్రభూ!"

ఈసారి నవ్వుతో అందరికంటే ముందు కదిలింది అప్పలకొండ బొజ్జే.