రాజుగారి ‘ఊఁ’, దొరగారి ‘రన్’

కొండమామిడి అని ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. చుట్టుపక్కల దొరల పెత్తనం కొత్తగా మొదలైన కాలం అది. దాని ఏలిక వీరభద్ర భూపతికి ఒక పట్టింపు ఉంది. రాజన్నవాడు ఎక్కువ మాట్లాడితే పరువు తక్కువట! అందుకని కొలువులో ఆయన నోట ‘ఊఁ’ తప్ప మరో మాట వచ్చేది కాదు.

మంచినీళ్ళకీ ఊఁ, వింజామరకీ ఊఁ, తాంబూలానికీ ఊఁ. పాపం, కొలువులోని వాళ్ళు ఆయన ముఖం చూసి, వేళ చూసి, ఏం కావాలో కనిపెట్టి పనిచేసేవారు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ పొరబడలేదు.

ఒకరోజు దొరగారి దగ్గరనుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. దుబాసీ అచ్చన్న దాన్ని తెలుగులో వినిపించాడు.

“కాలువ మీ పొలాలగుండా పారుతుంది. రేవులో పడవను మీరే నడపండి. ఈ ఒప్పందం మూడేళ్ళు అమల్లో ఉంటుంది.”

ఆస్థాన పండితుడు సర్వేశ్వర సోమయాజి చివాలున లేచాడు. ఆయన అప్పటికి వంద ఇంగ్లీషు మాటలు తాటాకుల మీద రాసుకున్నాడు. ఆ వందతో ఇంగ్లీషు అయిపోయిందనుకున్నాడు.

“మహాప్రభో, మోసం! ఉత్తరంలో ‘రన్’ అన్న మాట మూడుచోట్ల ఉంది. రన్ అంటే పరుగెత్తమని. దొర తమరిని పరుగెత్తమన్నాడు. ఆ అవమానాన్ని ఈ దుబాసీ దాచిపెట్టాడు. ఒక మాటకు మూడు అర్థాలు చెబుతాడా? దొరతో కుమ్మక్కయ్యాడు!”

రాజుగారి ముఖం కందగడ్డ అయింది. అంత కోపంలో ఊఁ చాలలేదు.

“ఒక మాటకు ఒకటే అర్థం! చోటుకో అర్థం తీసే ద్రోహి నా రాజ్యంలో ఉండరాదు. పొద్దు గుంకేలోగా పెళ్ళాంతో సహా ఏరు దాటిపో!”

అచ్చన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని భార్యకు నెలలు నిండాయి, ఏరేమో పోటుమీద ఉంది. “ప్రభూ, ఇంటిదానికి ఇవాళో రేపో...” అన్నాడు గానీ రాజుగారు ముఖం తిప్పేసుకున్నారు.

కొలువులో హాస్యం చెప్పే కామప్పకు అచ్చన్నమీద జాలి వేసింది. అయినా నవ్వు పులుముకుని లేచాడు.

“ఏలినవారి తీర్పు ధర్మమే. ఈ శాసనం కొలువందరికీ వర్తిస్తుందని చాటించమంటారా?”

“ఊఁ” అన్నారు రాజుగారు.

దండోరా వీరడు డప్పు కొట్టి, “ఒక మాటకు ఒకటే అర్థం! తప్పితే దేశబహిష్కారం!” అని చాటాడు. కామప్ప సేవకుల మధ్యకు పోయి గుసగుసగా ఏదో చెప్పి వచ్చాడు.

మధ్యాహ్నమైంది, ఎండ మండుతోంది. రాజుగారు నుదురు తుడుచుకుని వింజామరవాడి వంక చూసి “ఊఁ” అన్నారు. వాడు కదలలేదు. వీరడు ముందుకొచ్చి డప్పు కొట్టి శాసనం చాటాడు.

రాజుగారు ఉలిక్కిపడ్డారు. గొంతు ఎండి, నీళ్ళవాడి వైపు తిరిగి “ఊఁ!” అన్నారు. వాడు చెంబు పట్టుకుని బిగుసుకుపోయాడు. మళ్ళీ డప్పు, మళ్ళీ చాటింపు.

“ఊఁ! ఊఁ!”

డప్పు మీద డప్పు. ఒక్కరూ నవ్వలేదు. రాజుగారు కత్తిపిడి మీద చెయ్యి వేశారు.

“ఎవడురా ఈ ఆట నేర్పింది?”

కామప్ప ముందుకొచ్చి మెడ వంచాడు. లోపల భయం లేకపోలేదు.

“నేనే, దేవరా. శాసనం వచ్చాక తమరి మొదటి ఊఁకు చాటింపు వేయడమని అర్థం చెప్పుకున్నాం. ఇక రెండో అర్థం తీస్తే ఏరు దాటాలి కదా? నీళ్ళిచ్చేవాడూ పోవాలి, విసిరేవాడూ పోవాలి. సాయంత్రానికి కోటలో తమరూ సోమయాజిగారూ మిగులుతారు.”

“ఇన్నేళ్ళూ తెలిసింది ఇవాళ తెలియలేదా?”

“తెలిసింది, ప్రభూ. చెంబు వైపు చూసి అంటే దాహమని తెలుసు, చెమట తుడుచుకుని అంటే గాలి అని తెలుసు. అచ్చన్న చేసిందీ అదే. కాలువ పక్కన ఉన్న రన్‌ని పారడమన్నాడు, పడవ పక్కన ఉన్నదాన్ని నడపడమన్నాడు, ఒప్పందం పక్కన ఉన్నదాన్ని అమల్లో ఉండటమన్నాడు. మేం చేస్తే సేవ, అతను చేస్తే ద్రోహమా?”

రాజుగారు చెంబు వంకా, వింజామర వంకా చూశారు. తర్వాత ఆయన చెయ్యి కత్తిమీదినుంచి జారింది. సోమయాజి వైపు చూశారు. “ఏమయ్యా, నువ్వు చెప్పినట్టయితే కాలువా, నేనూ, ఒప్పందమూ వరసగా పరుగెత్తాలా?” అని పొట్ట చేత్తో పట్టుకుని విరగబడి నవ్వారు. అప్పుడు నవ్వింది కొలువు.

శాసనం రద్దయింది. రాజుగారు తన చేతి కడియం తీసి కామప్పకు తొడిగారు. సోమయాజిని అచ్చన్న దగ్గర ఇంగ్లీషు చదువుకోమన్నారు.

అచ్చన్న ఇంకా చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. “ప్రభూ, మరి నేను వెళ్ళనా?” అన్నాడు బిక్కముఖంతో.

రాజుగారు అలవాటుగా నోరు తెరవబోయి ఆగారు. గద్దె దిగివచ్చి, అతని భుజం మీద చెయ్యి వేసి, కొలువంతా వినేలా చెప్పారు.

“వెళ్ళు నాయనా. ఏటి అవతలకి కాదు, ఇంటికి. మంత్రసానిని నా పల్లకీలో పంపిస్తున్నాను.”