ఊరుకున్న రోగి

కాకినాడలోని ఒక ఆసుపత్రి ఐసీయూలో మార్తమ్మ అనే హెడ్ సిస్టర్ ఉండేది; పనిలో దిట్ట, కానీ రోగి గురించి ఒకటి అనుకున్నాక మళ్లీ చూసే అలవాటు లేదు. "నా సర్వీసులో ఇలాంటి వాళ్లను ఎంతమందిని చూడలేదు!" అనేది. నిజమే, చూసింది. ఎందరినో బతికించింది కూడా. చిక్కల్లా అక్కడే వచ్చింది.

ఆ వార్డులో సత్తిరాజు న్యుమోనియాతో ఉన్నాడు. పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించే బ్యాండు మనిషి. పొద్దుట నెమ్మదిగానే ఉన్నవాడు మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆక్సిజన్ మాస్కు పీకెయ్యబోయాడు. ఆక్సిజన్ ఎంతుందో చూపే వేలి క్లిప్పు ఊడింది. మానిటరు గోల పెట్టింది.

"బ్యాండువాడు కదా, తాగుడు లేక వచ్చిన తిక్క ఇది. చేతులు మంచానికి కట్టెయ్యి," అని చిన్న నర్సు భవానికి చెబుతూ మార్తమ్మ మానిటరు నోరు నొక్కేసింది.

తలుపు దగ్గర నిలబడ్డ అతని భార్య నూకరత్నం కంగారుపడింది. "ఆయన చుక్క ముట్టరండీ సిస్టరుగారూ! ఊపిరితో బతికేవోళ్లం కదండీ."

"పెళ్లాలందరూ అలాగే చెబుతారు. నువ్వు బయట కూర్చో."

భవాని గొణిగింది. "గాలి అందక కొట్టుకుంటున్నాడేమో మేడమ్. డాక్టరుగారిని పిలవనా?"

"పిలిచి ఏం చెబుతావ్? తాగుబోతు అల్లరి చేస్తున్నాడనా?"

భవాని అతని చేతులు మంచానికి కట్టేసింది. కాసేపటికి సత్తిరాజు ఊరుకున్నాడు. మార్తమ్మ కుర్చీలోంచే చూసి, "చూశావా, దారికొచ్చాడు," అంది.

దారికి రాలేదు. ఆక్సిజన్ చాలక ముందు పెనుగులాడాడు, తర్వాత పెనుగులాడే సత్తువ కూడా పోయింది. క్లిప్పు మళ్లీ పెట్టాలని ఎవరికీ తోచలేదు. డాక్టరు రౌండుకొచ్చి దుప్పటి తీసేసరికి గోళ్లు నీలంగా ఉన్నాయి. ఛాతీ అదిమారు, గొంతులో గొట్టం వేశారు. ప్రాణం తిరిగి రాలేదు.

"ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడు?" అని డాక్టరు అడిగాడు. మార్తమ్మకు తెలియదు. పక్కనే కూర్చుంది, అయినా తెలియదు.

చేతుల కట్లు ఆవిడే విప్పింది. నూకరత్నం లోపలికొచ్చి, "ఆఖర్న ఏవైనా అన్నారాండీ?" అని అడిగింది.

అనబోయాడు. మాస్కు వెనక ఏదో చెప్పాలని చాలాసేపు చూశాడు. ఎవరూ వినలేదు.

"లేదమ్మా, ప్రశాంతంగా పోయాడు," అంది మార్తమ్మ. ఆ అబద్ధానికి నూకరత్నం దణ్ణం పెట్టింది.

ఎంత అనుభవం ఉన్నా, ఎదుట ఉన్న మనిషిని చూడకుండా చేసే నిర్ణయం ప్రాణం తీస్తుంది.