మోతకర్ర దించిన గద్దీయేలు

పూర్వం, ఇశ్రాయేలు సంతతివారు దాస్యగృహం నుంచి విడుదల పొంది, నీళ్లున్నచోట ఆగుతూ, నీళ్లు లేనిచోట సణుగుతూ ఎడారిలో తిరుగుతున్న కాలంలో, మేఘమధ్యవాసియైన యెహోవా వారి గోత్రాలన్నిటినీ పరికించి, ప్రతి ఇంటి తొలిచూలు బిడ్డకు బదులుగా లేవీ గోత్రాన్ని తన సొత్తుగా ఎంచుకున్నాడు. "మీకు పొలం లేదు, పుట్ర లేదు, నేనే మీ పాలు" అని సెలవిచ్చి, ఆ గోత్రంలో ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క సేవ పంచిపెట్టాడు. దేవుని గుడారపు తెరలు గెర్షోను వంశానివి, పలకలూ స్తంభాలూ మెరారి వంశానివి. వీరికి బండ్లూ ఎడ్లూ దొరికాయి. కహాతు వంశం వారికి మాత్రం ఏ బండీ లేదు. పరిశుద్ధ వస్తువులను వారు భుజాల మీదనే మోయాలి. యాజకులు ముందుగా లోపలికి వెళ్లి, వాటిని తెరలతోనూ తోళ్లతోనూ కప్పి వచ్చేదాకా వారు వెలుపలే నిలబడాలి. కప్పని వస్తువును కన్నెత్తి చూసినా, చేయి సోకినా మరణమే. అందుచేత తాము మోసినదేమిటో ఒక్కసారైనా చూడకుండానే వారి బతుకులు గడిచిపోయేవి.

ఆ కహాతు వంశంలో గద్దీయేలు అనే భక్తిపరుడు, సర్వలోకప్రభువు పాదపీఠమైన నిబంధన మందసానికి, అంటే ఆజ్ఞల పలకలున్న పెట్టెకు, వెనుకవైపు మోతకర్ర కింద భుజమిచ్చి మోసేవాడు. ఆ సేవ ఏభైయో ఏటితో ముగియాలని విధి. అతనికి ఆ ఏడు నిండవస్తున్నది. భుజం మీది చర్మం ఒంటె మోకాలిలా కాయకట్టింది. కూర్చుంటే లేవాలనిపించదు, లేస్తే ఎప్పుడు కూర్చుందామా అనిపిస్తుంది. అంత అలసిపోయి కూడా కర్ర దించాలంటే భయపడ్డాడు. పొలం ఉన్నవాడు ముసలివాడైతే గట్టు మీద కూర్చుంటాడు. మోత తప్ప వేరే పాలు లేనివాడు ఎక్కడ కూర్చోవాలి?

ఇట్లుండగా అతని భార్య, పతివ్రతాశిరోమణి యెరూషా, జబ్బుపడి మంచం పట్టింది. వారికి సంతానం లేదు. మనిషి ప్రాణం పోయిన గుడారంలో ఉన్నవారందరూ అశుచి అవుతారని, శుద్ధి దినాలు గడిచేదాకా పరిశుద్ధ వస్తువుల దాపుకు రాకూడదని శాసనం. లోపల కూర్చున్న వేళ ఆమె కన్నుమూస్తే తాను కర్ర పట్టకూడదు. ఈలోగా శిబిరం మీది మేఘం లేచి ప్రయాణపు గుర్తు ఇస్తే, ఆ కర్ర మరొకరు పట్టుకుంటారు. ఆ వయసులో ఒకసారి చేయి జారిన కర్ర మళ్లీ రాదు. ఇదంతా తలపోసి, గద్దీయేలు మంచినీళ్ల కుండ గుడారం వాకిట పెట్టి, పొరుగింటి ఆడవాళ్ల చేత లోపలికి పంపి, తాను మేకవెంట్రుకల తెరకు ఇవతలే కూర్చునేవాడు.

"లోపలికి రావేమయ్యా?" అన్నది యెరూషా.

"ఇక్కడే ఉన్నానుగా."

"ఉన్నావు, తెర మీద నీడ కనిపిస్తోంది. ఈ వయసులో నీడతో కాపురం చెయ్యమంటావా?"

"మేఘం నేడో రేపో లేచేలా ఉందే. ఈ ఒక్క మజిలీ మోసి దించేస్తాను. ఆ తరువాత నీ పక్కనుంచి కదలను."

"ఆ తరువాతకు నేనుండొద్దూ?" అని ఆమె దగ్గుతూ అటు తిరిగి పడుకున్నది.

మరునాటి ఉదయం మేఘం లేచింది. వెండి బూరలు మోగాయి. శిబిరమంతా మేకులు పీకే చప్పుడుతో నిండిపోయింది. యెరూషా తమ్ముడు షెమేరు మెరారి వంశపు బండివాడు. అతని బండ్లు ముందుగా సాగిపోవాలి. ఎప్పుడు కలిసినా, "దేవుడు మాకు ఎడ్లనిచ్చాడు, మీకు ఎడ్ల పని ఇచ్చాడు బావా" అని ఎగతాళి చేసే ఆ మనిషి, ఆనాడు నవ్వకుండా వచ్చి నిలబడ్డాడు.

"అక్కకు ఊపిరి అందడం లేదు. కులపెద్దకు చెప్పావా?"

"ఇంట్లో అందరూ క్షేమమని చెప్పాను."

"క్షేమమా! మరి అక్కను ఎవరు చూస్తారు?"

"వెనుక వచ్చే దాను గోత్రం వారు గాడిద మీద ఎక్కిస్తారు."

"మూటలతో పాటా?" అన్నాడు షెమేరు. "జత ఎద్దు కూలబడితే నా ఎద్దు కూడా కాడి కింద ఆగిపోతుంది బావా. ఎన్ని దెబ్బలు వేసినా కదలదు. నువ్వు దానికన్నా బాగా నడుస్తావు." ఇక నిలిచే వీలులేక, కళ్లు తుడుచుకుంటూ బండి ఎక్కాడు.

గద్దీయేలు గుడారం వైపు చూస్తే కాళ్లు ఆగిపోతాయని తల వంచుకుని నడిచి, నీలిబట్ట కప్పిన మందసం వెనుక తన చోట నిలిచాడు. ఆజ్ఞ కాగానే మోతగాళ్లు కర్రల కింద భుజాలు పెట్టి లేవబోయారు. మందసం లేవలేదు. మళ్లీ ఊపిరి బిగించి లేపబోయారు. పర్వతాన్ని ఎత్తబోయినట్టు కర్రలు వంగాయే గాని, అది నేల విడవలేదు.

జనులు భయపడి వెనక్కి జరిగారు. న్యాయపతకం రొమ్మున ధరించిన ప్రధాన యాజకుడు ముందుకు వచ్చి, "లేవీ కుమారులారా, మీలో ఎవరైనా అశుచిగా వచ్చారా? దాచక చెప్పండి" అని అడిగాడు.

గద్దీయేలు కర్ర వదలకుండానే, "స్వామీ, అశుచి నాలో లేదు. దాని కోసమే నా భార్య గుడారంలో అడుగు పెట్టలేదు. ఆమె చావుబతుకుల్లో ఉంది. కులపెద్దతో అబద్ధమాడాను. శుద్ధిగా రావాలని ఒంటరిగా విడిచి వచ్చాను" అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ జ్ఞానవృద్ధుడు కూడా అభిషేకతైలం తలమీద ఉన్నందున, కన్నవారి శవాల దగ్గరికి పోలేక దూరాన నిలబడి చూసినవాడే. ఆయన మెల్లగా ఇట్లా పలికాడు: "నాయనా, మరణం అంటినవానిని ప్రభువు ఆగమన్నాడు. మరణించబోయేవారిని విడిచి రమ్మని నీకు ఎవరు చెప్పారు? పో. ఇంకా ప్రాణం ఉంటే అది నీ భాగ్యం."

గద్దీయేలు కర్ర దించి పరుగెత్తాడు. లేచిన మేఘం తిరిగి దిగి వచ్చి శిబిరం మీద నిలిచింది. "చుట్టిన గుడారాలు మళ్లీ విప్పమంటారేమిటి!" అని జనం గొణిగారు.

అతను తెర తొలగించి లోపలికి వెళ్లి, భార్య తల ఎత్తి భుజాన ఆనించుకున్నాడు.

"మేఘం పోలేదా?" అన్నది యెరూషా కళ్లు తెరవకుండానే.

"పోలేదే. నీ కోసం ఆగింది."

"అబద్ధాలు. నా కోసం ఎప్పుడు ఏం ఆగింది గనక." ఆమె చేయి తడుముకుంటూ అతని భుజపు కాయను తాకింది. "ఇంత రాయైపోయిందా! నొప్పెయ్యదూ?"

"ఇన్నాళ్లూ లేదు. ఇప్పుడు వేస్తోంది."

పొద్దు వాలకముందే ఆ సాధ్వి ప్రాణం విడిచింది. గద్దీయేలు తన చేతులతోనే ఆమెను ఇసుకలో దాచి, శిబిరం వెలుపల ఒంటరిగా ఉండి, ఎర్రావు బూడిద కలిపిన పావనజలం చల్లించుకుని, శుద్ధి దినాలు గడిపి తిరిగి వచ్చాడు. అప్పటికి అతని చోట మరొకడు నియమితుడయ్యాడు. బూరలు మోగాయి. మందసం పూలబుట్టలా తేలికగా లేచింది. గద్దీయేలు ప్రక్కన చేతులు కట్టుకుని నిలబడి చూస్తుండగా, మందసపు మూతయైన కరుణాపీఠం మీదినుంచి గంభీరమైన స్వరం వినవచ్చింది.

"గద్దీయేలూ, నన్ను మోసి అలసిపోయావు. ఏం కావాలో కోరుకో."

"ప్రభూ, విశ్రాంతి అడుగుదామనుకున్నాను. కాని ఊరికే కూర్చుంటే ఆ తెర ఇవతల కూర్చున్న రోజులే గుర్తొస్తాయి. శిబిరం కదిలినప్పుడల్లా ఎవరో ఒకరు నడవలేక వెనుకబడతారు. వారి దగ్గర నన్ను ఉంచు."

"అట్లే అగుగాక. అది కూడా పరిశుద్ధ సేవయే. వారిని ఎవరూ కప్పనక్కరలేదు, నీవు కళ్లారా చూడవచ్చు, చేతులారా తాకవచ్చు" అని యెహోవా వరమిచ్చాడు.

నాటినుంచి శిబిరం సాగినప్పుడు ఇంట్లో చావుబతుకుల మనిషి ఉన్న మోతగాడు నిస్సంకోచంగా కర్ర దించేవాడు, సోదరుడు అందుకునేవాడు. గోత్రాలన్నీ తమతమ వరుసలో నడిచాయి. అన్నిటి వెనుక, ఒక రోగిని వీపున వేసుకుని, ఇంకొకరితో కబుర్లు చెబుతూ, దుమ్ములో నెమ్మదిగా గద్దీయేలు నడిచాడు.

దూరప్రయాణానికి గడప దాటేవారు ఈ వృత్తాంతాన్ని తలచుకొని, ఒక్కసారి వెనుదిరిగి లోపలి మనిషిని పలకరించి వెళితే, ఆ మాత్రం ఆలస్యానికి దేవుడు కోపగించడని పెద్దలు చెబుతారు.