ఏడుపు రానివాడు

తల్లికి మట్టి ఇచ్చి వచ్చాక కూడా దస్తగిరికి ఏడుపు రాలేదు.

జనాన్ని ఏడిపించడమే అతని పని. పెళ్లిళ్లలో పాటకచేరీలు పెట్టించడంతో మొదలుపెట్టి, టీవీలో పాటల పోటీలు నడిపాడు, సినిమాలు తీశాడు. చివరికి చానళ్లవాళ్లు, సినిమావాళ్లు అతన్ని పిలిచి కూర్చోబెట్టి, ఏది నడుస్తుందో ఏది నడవదో చెప్పమని అడిగేదాకా వచ్చాడు. ఏ పాటకు జనం ఈలలు వేస్తారో, ఏ మాట దగ్గర కళ్లు తుడుచుకుంటారో ముందే చెప్పేవాడు. అతను చెప్పింది తప్పడం అరుదు.

అలాంటివాడు తల్లి జనాజాను భుజాన మోస్తూ, తుంపర మొదలవగానే, 'ఈ సీన్లో ఇక్కడ సంగీతం ఆపేస్తే బాగుంటుంది' అనుకున్నాడు. ఆ ఆలోచనకు తనే ఉలిక్కిపడ్డాడు. అప్పట్నుంచీ అన్నం సయించలేదు.

చిన్నప్పుడు తనకు పాట నేర్పిన జమాల్ తాత గుర్తొచ్చాడు. గుత్తికి అవతల, గుట్ట కింద చిన్న దర్గాలో ఉంటాడు తాత. పేరొచ్చాక దస్తగిరి అటువైపు తొంగి చూసింది లేదు. ఇప్పుడు వెళ్లి, ముసలాయన చేతులు కళ్లకద్దుకుని కూర్చున్నాడు. అరుగు మీద మరికొందరు శిష్యులున్నారు.

"తాతా, లక్షలమందిని ఏడిపించినా. మాయమ్మ పోతే నాకు కంట చుక్క రాలేదు. నాకేమైంది?"

"ఎట్ల జరిగిందో చెప్పు నాయనా."

దస్తగిరి చెప్పాడు. తల్లి కాశింబీ దూది ఏకి, పరుపులు కుట్టి తనను పెంచిన సంగతి చెప్పాడు. ఆస్పత్రిలో ఆఖరి చూపు, ఆ తుంపర, వణుకుతున్న తమ్ముడి చేతులు, అన్నీ చెప్పాడు. గొంతు తగ్గాల్సిన చోట తగ్గింది. ఆగాల్సిన చోట ఆగాడు. శిష్యులు కండువాలతో కళ్లొత్తుకున్నారు.

అంతా విని తాత నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు.

దస్తగిరి ముఖం మాడిపోయింది. "ఏంది తాతా! మాయమ్మ చావుకు చప్పట్లా?"

"బాగా చెప్పినావు నాయనా. అందుకు."

శిష్యులను లోపలికి పొమ్మన్నాడు తాత. తను చాప మీదే జరిగి, దస్తగిరికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు."

దస్తగిరి మళ్లీ మొదలుపెట్టాడు. వాన దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా ఆగి చూశాడు. చూడటానికి ఎదురుగా ముఖం లేదు. మాసిన చొక్కా, వంగిపోయిన వీపు ఉన్నాయంతే. మాట తడబడింది. తమ్ముడి చేతుల సంగతి సగంలో వదిలేశాడు.

గుట్ట మీంచి మేకలు దిగుతున్నాయి.

"ఒకసారి అమ్మను నా పోటీల స్టేజీ మీదికి రప్పించినా," అన్నాడు దస్తగిరి. "ఎందుకో చెప్పకుండా రప్పించినా. అన్ని లైట్ల కింద నన్ను చూసి ఏడ్చింది. కెమెరా అప్పుడు నామీద ఉండె. ఆమె ఏడుపు అందులో పడలేదు."

ఆ వంగిన వీపుకే చెబుతూ పోయాడు.

"దగ్గరికి పోయి చెవిలో చెప్పినా. అమ్మా, ఇంకోసారి ఏడువు అని."

తల దించుకుని మళ్లీ అందుకున్నాడు.

"ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది తాతా నన్ను. చూసి... మళ్లీ ఏడ్చింది. నేను అడిగినానని."

అంతే, నేలకు తల ఆనించి ముడుచుకుపోయాడు. ఆ ఏడుపుకు తీరూ తెన్నూ లేదు. ముక్కు కారుతోంది, ఊపిరి అందడం లేదు.

తాత వెనక్కి తిరగలేదు. అది ఆగేదాకా గోడనే చూస్తూ కూర్చున్నాడు. ఆగాక మెల్లగా అన్నాడు:

"ఇది ఇంకెవరికీ చెప్పొద్దు నాయనా. రెండోసారి చెప్తే ఇది కూడా బాగా చెప్తావు."